ఫంక్షన్ ఫోటోలు చీరల షాపు హోర్డింగుకి ఇవ్వాలంటే ఎవరెవరి సంతకాలు కావాలి?

ట్రంకురోడ్డు_స్టూడియో:

నెల్లూరులో ఫోటో స్టూడియో మాది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, బారసాలలు అన్నీ తీస్తాం. ఇక్కడే ఒక పట్టుచీరల షాపు వాళ్ళు శ్రావణమాసం అమ్మకాల కోసం ఫోటోలు అడుగుతున్నారు. మోడళ్ళు వద్దంట, చూడగానే మనూరి పిల్లే అనిపించాలంట. రెండు హోర్డింగులు, ఇన్‌స్టా పేజీ, షాపు మెట్ల కాడ ఎల్ఈడీ స్క్రీను, ఇవిగాక క్యారీబ్యాగుల మీద కూడా వేస్తారంట. నేను పక్కన పెట్టినవి మూడు.

మొదటిది ముహూర్తం ఫోటో. పెళ్ళికూతురికి 24 ఏళ్ళు. బిల్లు కట్టింది వాళ్ళ నాన్న. మా బిల్లు బుక్కులో అడుగున చిన్నక్షరాల్లో "తీసిన ఫోటోలను ప్రచారానికి వాడుకునే హక్కు స్టూడియోకి కలదు" అని అచ్చు వేసి ఉంటుంది. దాని కింద ఆయన సంతకం ఉంది.

రెండోది ఓణీల ఫంక్షన్. పాపకి 13. వాళ్ళమ్మ ఫోన్లో "వేసుకోండి, మాకూ సంతోషమే" అనింది. కాగితం ఏమీ లేదు.

మూడోది రొట్టెల పండుగలో తీసింది. స్వర్ణాల చెరువులో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఒకామె ఇంకొకామెకి రొట్టె ఇస్తా ఉంటుంది. దీనికి కస్టమరు ఎవరూ లేరు, మేమే పోయి తీశాం. తడిసిన చీర రంగు, నీళ్ళ మీద వెలుతురు బ్రహ్మాండంగా కుదిరాయి. పబ్లిక్ ప్లేసు గదా, ఎవర్నీ అడగక్కర్లేదని మా కుర్రాళ్ళు అంటున్నారు.

షాపు వాళ్ళ షరతులు రెండు. "లైఫ్‌టైం రైట్స్" రాసివ్వాలి. ఫోటోలో ఉన్న చీరని ఏఐతో వాళ్ళ కొత్త స్టాకు చీరగా మార్చుకుంటారు. వీటిలో ఏది ఇవ్వచ్చు, ఏది ఇవ్వకూడదు, ఇవ్వాలంటే కాగితం ఎట్ట రాసుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లకోటు_నెల్లూరు:

ముందు ఒక ముడి విప్పుకోవాలి. ఫోటో ఎవరిది అనేది ఒక ప్రశ్న. ఫోటోలో ముఖం ఎవరిది అనేది ఇంకో ప్రశ్న. స్టూడియో వాళ్ళు మామూలుగా మొదటిది మాదే అనుకుంటారు, రెండోదాన్ని మర్చిపోతారు. మీ మొదటి ఫోటోలో ఆ రెండూ మీవి కావు.

కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 17, క్లాజు బి చూడండి. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్ళే మొదటి యజమాని. కెమెరా మీది, లెన్సు మీది, తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి నిద్ర కాచింది మీరు. అయినా సరే, కాపీరైటు బిల్లు కట్టిన ఆ నాన్నదే. మీ బిల్లు మీద లైను ఉంది గదా అంటారా? అందులో ఏముందో మళ్ళీ చదవండి: "స్టూడియోకి", "ప్రచారానికి". మహా అయితే మీ షోకేసులో, మీ పేజీలో పెట్టుకోవడానికి అది పనికొస్తుంది. ఇంకొకరి చీరలు అమ్మడానికి మీరు ఫోటో ఇవ్వచ్చని అందులో ఎక్కడా లేదు. కాపీరైటు మీ పేరుకి రావాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో రావాలి. ఏ ఫోటోలు, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత మొత్తం అనేవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళు అని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టమే అనుకుంటుంది.

ఇక ముఖం సంగతి. పెళ్ళికూతురికి 24 ఏళ్ళు, మేజరు. ఆమె ముఖానికి వాళ్ళ నాన్న సంతకం చెల్లదు. అంటే ఒకే ఇంట్లో ఇద్దరి సంతకాలు, రెండు వేరే వేరే పనులకి: కాపీరైటుకి నాన్నది, ముఖానికి అమ్మాయిది. అదే ఫ్రేములో పెళ్ళికొడుకు కనపడుతుంటే అతనిది కూడా. పక్కన అక్షింతలు పట్టుకుని నిలబడ్డ మేనత్త ముఖం స్పష్టంగా ఉంటే ఆమెనైనా అడగాలి, ఫ్రేములోంచి అయినా తీసెయ్యాలి.

ఈ ముఖం హక్కు కొత్తగా వచ్చింది కాదు. 1994లో ఆర్.రాజగోపాల్ కేసులో, అదే మరణశిక్ష పడ్డ ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఒకరి పేరు గానీ పోలిక గానీ వాళ్ళ అనుమతి లేకుండా ప్రకటనకి వాడితే అది ప్రైవసీ హక్కుని భంగపరచడమే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచి ప్రైవసీని ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. మామూలు పెళ్ళి ఫోటోని హోర్డింగుకెక్కిస్తే పోలీసు కేసు అవుతుందని చాలామంది భయపెడతారు. ఎక్కువసార్లు అది సివిలు వ్యవహారం. ముందు లాయరు నోటీసు వస్తుంది, తర్వాత ఇంజంక్షను దావా, అంటే ఆ వాడకాన్ని ఆపమని కోర్టుని అడగడం, ఆపైన నష్టపరిహారం. కానీ సీజనులో మధ్యంతర ఉత్తర్వుతో హోర్డింగు దింపాల్సి వస్తే షాపు వాళ్ళ నష్టం ఎంతో, దాన్ని ఎవరి మీద రుద్దుతారో మీరే ఊహించుకోండి.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. "ఆమే ఇన్‌స్టాలో అందరికీ కనిపించేలా పెట్టుకుంది గదా" అంటారు. వ్యక్తిగత వివరాల రక్షణకి వచ్చిన కొత్త డేటా చట్టం, మనిషి తనంతట తాను బహిరంగం చేసుకున్న డేటాకి వర్తించదు, నిజమే. కానీ కాపీరైటు అక్కడే ఉంది, ముఖం హక్కూ అక్కడే ఉంది. తన ఆనందం కొద్దీ పెట్టుకున్న ఫోటో వేరు, ఒకరి చీరలకి ప్రకటనగా నిలబడటం వేరు.

హోర్డింగు_ఒంగోలు:

లాయరు గారు చెప్పింది ఒప్పుకుంటూనే, అవతలి వైపు నుంచి, అంటే ప్రకటనలు వేసే వైపు నుంచి నాలుగు మాటలు.

షాపు వాళ్ళు "లైఫ్‌టైం రైట్స్" అడిగేది దురాశతో కాదు. హోర్డింగు దింపాక అదే డిజైను పాంప్లెట్టుకి, దసరాకి, సంక్రాంతికి మళ్ళీ వాడుకుంటారు, ప్రతిసారీ మిమ్మల్ని అడగడం వాళ్ళకి బద్ధకం. కాబట్టి లైఫ్‌టైం అన్న మాట దగ్గర కొట్లాడకండి. "ఏ పండగలకి, ఏ నెల దాకా" అని అడగండి, వాళ్ళే ఒక ఏడాదికి వచ్చి ఆగుతారు. ఏడాది తర్వాత కావాలంటే మళ్ళీ సంతకం, మళ్ళీ డబ్బు. స్టూడియోకి కూడా అదే లాభం.

కాగితానికి స్టాంపు పేపరు ఉంటేనే చెల్లుతుందన్న భ్రమ ఒకటి ఉంది. అంగీకార పత్రం తెల్ల కాగితం మీదైనా చెల్లుతుంది. డబ్బు, షరతులు ఉన్న ఒప్పందం అయితే స్టాంపు మీద రాసుకోవడం మంచిది, రేపు కోర్టులో పెట్టాల్సి వస్తే పెనాల్టీ గొడవ ఉండదు. అసలు బలం రాసిన విషయంలో ఉంటుంది. మేము వాడే మాటలు దాదాపు ఇవి:

"నేను, ఫలానా, వయస్సు ఇంత, ఈ పత్రానికి అంటించిన 0412, 0418 నంబరు ఫోటోలు మాత్రమే, ఫలానా షాపు వారు, నెల్లూరు నగరంలోని రెండు హోర్డింగులు, వారి ఇన్‌స్టాగ్రామ్ పేజీ, షాపు లోపలి స్క్రీను, ఈ మూడింటిలో మాత్రమే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, పట్టుచీరల ప్రకటనకు వాడుకోవడానికి అంగీకరిస్తున్నాను. నా పేరు, ఊరు, పెళ్ళి తేదీ ప్రకటనలో వేయరాదు. నా ముఖం, ఒంటి రంగు, శరీరం మార్చరాదు. నేను వద్దని ఫలానా వాట్సాప్ నంబరుకు తెలిపితే ఆన్‌లైన్ నుంచి రెండు రోజుల్లో, హోర్డింగు నుంచి ఏడు రోజుల్లో తొలగించాలి. దీనికి ప్రతిఫలంగా 12×18 ఫ్రేము ఒకటి, ఇంత రొక్కం ముట్టినది."

ఆ చివరి లైను ఊరికే పెట్టలేదు. కాంట్రాక్టు చట్టంలో ప్రతిఫలం లేని ఒప్పందం మామూలుగా చెల్లదు. ఫ్రేము అయినా, ఆల్బంలో నాలుగు షీట్లు ఎక్కువైనా, ఏదో ఒకటి ఇచ్చి దాన్ని కాగితం మీద రాయండి.

ఫోటో అంటించమన్నది కూడా ఉత్తినే కాదు. చిన్న ప్రింటు తీసి కాగితానికి అంటించి, సగం ఫోటో మీద సగం కాగితం మీద పడేట్టు సంతకం తీసుకోండి. "ఇది కాదు నేను ఒప్పుకుంది, ఇంకోటి" అనే మాట అక్కడితో పోతుంది. బిల్లు మీద లైనుకి ఉన్న అసలు జబ్బే ఇది. అడ్వాన్సు ఇచ్చిన రోజు సంతకం పెట్టారు, అప్పటికి ఫోటోలే పుట్టలేదు. చూడని ఫోటోకి ఒప్పుకున్నామని ఎవరంటారు?

చదువు రానివాళ్ళయితే వేలిముద్ర తీసుకోండి, "చదివి వినిపించగా అర్థం చేసుకుని" అనే మాట రాయండి. సాక్షి సంతకం స్టూడియో కుర్రాడిది కాకుండా వాళ్ళ తరఫు మనిషిది పెట్టించండి.

క్యారీబ్యాగుల మాట మాత్రం ఎత్తనే ఎత్తకండి. హోర్డింగు దింపచ్చు, పోస్టు తీసెయ్యచ్చు. ఊళ్ళోకి పోయిన సంచుల్ని ఎవరు వెనక్కి తెస్తారు? పెళ్ళికూతురి ముఖమున్న సంచిలో ఎవరో చేపలు తెచ్చుకుంటారు, ఆ సంచి మైపాడు రోడ్డు పక్కన చెత్తలో కనపడుతుంది. ఆమె వద్దన్న రోజున ఆపలేని చోట ఫోటో వెయ్యకపోవడమే నయం.

ఇంకొకటి, ఫైలు. షాపు వాళ్ళకి రా ఫైలు (కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు) గానీ పూర్తి సైజు ఫోటో గానీ ఇవ్వకండి. రాతలు, లోగో కలిపేసిన తుది డిజైను మాత్రమే ఇవ్వండి. ఫ్లెక్సీ ప్రింటింగు కాడ కంప్యూటర్లో మీ ఫైలు అట్టాగే పడి ఉంటుంది. ఆరు నెలలకి ఇంకో ఊళ్ళో ఇంకో షాపు "పెళ్ళికూతురి బొమ్మ ఏదైనా ఉందా" అంటే అదే బయటికొస్తుంది. ప్రింటయ్యాక ఫైలు తీసేస్తామని ఫ్లెక్సీ వాళ్ళ చేత రాయించుకోండి.

మేకప్_కుర్చీ:

పెళ్ళికూతుర్లకి మేకప్ చేసేవాళ్ళం కూడా రోజూ ముందు, తర్వాత ఫోటోలు పెడుతుంటాం గదా. ఇదంతా మాకూ వర్తిస్తుందా? మా ఫోన్లోనే తీసుకుంటాం, డబ్బు తీసుకునేది మేకప్‌కే, ఫోటోకి కాదు.

నల్లకోటు_నెల్లూరు:

వర్తిస్తుంది మేడం. మీ ఫోన్లో మీరు మీ కోసం తీసుకున్నారు కాబట్టి కాపీరైటు మీదే అవుతుంది, ఆ ఒక్క తలనొప్పి తగ్గింది. ముఖం మాత్రం ఆమెదే. పైగా "ముందు" ఫోటోలో మొటిమలు, మచ్చలు కనపడతాయి. ఏ ఆడపిల్ల అయినా ముందు అభ్యంతరం చెప్పేది దానికే. "ముందు" ఫోటోకీ "తర్వాత" ఫోటోకీ వేరే వేరే అడగండి. రెండూ కలిపి ఒకే సరే అనిపించుకోవద్దు.

డేటా_గుమాస్తా:

రెండో ఫోటో సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

13 ఏళ్ళ పాప ఓణీ ఫోటోని హోర్డింగు మీద పెడితే ఆ బొమ్మ చెప్పేది చీర గురించి ఒక్కటే కాదు. పాప పెద్దమనిషి అయిందని ఆ రోడ్డున పోయే ప్రతి స్కూలు బస్సుకీ చెబుతుంది. ఆ బస్సులో ఆమె క్లాసు పిల్లలుంటారు. "వాళ్ళింటి వాళ్ళే వీధి చివర ఫ్లెక్సీ కట్టారు గదా" అంటారు. కుటుంబం తమ వేడుకకి తాము కట్టుకున్నది ఇంటి వ్యవహారం. వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకునేదాన్ని డేటా చట్టం పట్టించుకోదు. మీరూ షాపూ చేసేది వ్యాపారం, ఆ మినహాయింపు మీకు రాదు.

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అంగీకారం, నోటీసు, పిల్లల డేటాకి సంబంధించిన బాధ్యతలు నోటిఫికేషన్ నుంచి 18 నెలలకి, అంటే 2027 మేలో అమలు దశకి వస్తాయి. "అప్పటిదాకా టైముంది గదా" అనుకోకండి. ఈరోజు వేసిన ఇన్‌స్టా పోస్టు ఆరోజుకీ అక్కడే ఉంటుంది. పాత అంగీకారంతో వాడుతున్నవాటికి కూడా వీలైనంత త్వరగా నోటీసు ఇవ్వాలని చట్టంలో ఉంది.

18 ఏళ్ళు నిండనివాళ్ళందరూ ఈ చట్టానికి పిల్లలే. వాళ్ళ డేటా వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి, అది సరిచూడగలిగేదై ఉండాలి. ఫోన్లో ఎవరో ఆడమనిషి "వేసుకోండి" అనడం ఆ లెక్కలోకి రాదు. మాట్లాడింది తల్లో, పిన్నో, పక్కింటావిడో మీరెట్ట చూపిస్తారు? తల్లి గుర్తింపు, వయసు మీ దగ్గర ఉన్న నమ్మదగిన వివరాలతో సరిపోవాలి, లేదా డిజీలాకర్ లాంటి దారిలో రుజువు కావాలి. ఆధార్ జిరాక్సులు తీసుకుని డ్రాయర్లో పడెయ్యకండి, అది ఇంకో తలనొప్పి. కార్డు చూసి, "ఒరిజినల్ చూశాను, ఫలానా తేదీ" అని రాసుకుని వెనక్కివ్వండి.

తల్లి సంతకం పెట్టినా అంతటితో తీరిపోదు. పిల్లల శ్రేయస్సుకి చెరుపు చేసే విధంగా వాళ్ళ డేటా వాడకూడదని సెక్షన్ 9లో విడిగా ఉంది, తల్లి ఒప్పుకున్నా ఆ నిషేధం అట్టాగే ఉంటుంది. పిల్లల విషయంలో తప్పిన బాధ్యతకి జరిమానా గరిష్ఠం 200 కోట్ల దాకా, మిగతా చాలావాటికి 50 కోట్ల దాకా. స్టూడియో మీద 200 కోట్లు వేస్తారని ఎవరూ అనరు, తప్పు బరువు చూసే వేస్తారు. కానీ ఆ జరిమానా పాపకి రాదు, కేంద్రం సంచిత నిధికి పోతుంది. పాప కుటుంబం నష్టం అడగాలంటే వేరే దారి పట్టాలి, అంటే మీకు రెండు వైపులా తిప్పలు.

నా లెక్కలో రెండో ఫోటో ఇవ్వకూడదు. లంగా ఓణీలో అమ్మాయే కావాలని షాపు పట్టుబడితే 18 నిండిన అమ్మాయిని పెట్టి కొత్తగా తీయండి. చిన్నపిల్లలతోనే ప్రకటన షూటింగు అంటే అది వేరే రూలు. కలెక్టరు అనుమతి కావాలి, రోజుకి అయిదు గంటలు మించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా మూడు గంటలు మించకూడదు, పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం ఆమె పేరునే బ్యాంకు డిపాజిట్లో పడాలి.

ఇక మొదటి ఫోటోకి అంగీకారం ఎట్ట ఉండాలంటే: స్వేచ్ఛగా, ఒక నిర్దిష్ట పనికి, సంగతి తెలిసి, షరతు లేకుండా, ఆమె తనంతట చేసిన స్పష్టమైన చర్యతో. ఇందులో "షరతు లేకుండా" దగ్గరే స్టూడియోలు తప్పుతాయి. "సంతకం పెడితేనే ఆల్బం ఇస్తాం" అంటే ఆ అంగీకారం నిలవదు. ముందే టిక్కు కొట్టి ఉంచిన బాక్సు చెల్లదు. అంగీకారం ఉందని రుజువు చెయ్యాల్సిన బరువు మీ మీదే, ఆమె మీద కాదు. నోటీసు తెలుగులో కావాలని అడిగే హక్కు ఆమెకుంది. ఎందుకంటే ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చూసుకునే వీలు ఇవ్వాలి.

వెనక్కి తీసుకోవడం కూడా, ఇవ్వడం ఎంత సులువో అంతే సులువుగా ఉండాలి. వాట్సాప్‌లో సరే అన్నామెని "వద్దనాలంటే స్టూడియోకి వచ్చి దరఖాస్తు రాయండి" అనకూడదు. ఆమె వద్దన్నాక అంతకుముందు వాడింది తప్పు కాదు, ఆ తర్వాత ఆపాలి. ఇక్కడ పని చెడగొట్టేది స్టూడియోల హార్డ్ డిస్కు. ఎవరి ఫోటో ఎక్కడెక్కడికి పోయిందో ఎక్కడా రాసి ఉండదు. ఒక ఎక్సెల్ షీటు పెట్టుకోండి: ఫోటో నంబరు, పేరు, కాగితం తేదీ, ఎవరికిచ్చాం, ఏ పనికి, గడువు, వద్దన్న తేదీ, తీసేసిన తేదీ. ఎనిమిది గళ్ళు చాలు.

ఆల్బం డిజైనింగుకి బయటివాళ్ళకి డ్రైవ్ లింకు పంపేటప్పుడు "లింకు ఉన్న ఎవరైనా" అని పెట్టకండి, వాళ్ళ మెయిలుకే పరిమితం చెయ్యండి. వాళ్ళు మీ తరఫున డేటా చూసేవాళ్ళు, కాబట్టి వాళ్ళతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వాళ్ళ దగ్గర లీకైనా జవాబు చెప్పాల్సింది మీరే.

ట్రంకురోడ్డు_స్టూడియో:

ఓణీ ఫోటో తీసేశాను. అంత దూరం ఆలోచించలేదు. రొట్టెల పండుగ ఫోటో, ఏఐ చీర సంగతి కూడా చెప్పండి లాయరు గారూ. అట్టాగే, అమ్మాయి పెళ్ళయి హైదరాబాదులో ఉంది, ఇప్పటికిప్పుడు నెల్లూరు రాలేదు. వాట్సాప్‌లో ఆమె "సరే" అని పెడితే సరిపోతుందా?

నల్లకోటు_నెల్లూరు:

రొట్టెల పండుగది ముందు. బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడం దానంతటది నేరం కాదు, మీ కుర్రాళ్ళు చెప్పిన సగం సరే. తీయడం వేరు, చీరల ప్రకటనకి అమ్మడం వేరు, మిగతా సగం అది. కాపీరైటు పూర్తిగా మీదే, ముఖాలు మాత్రం ఆ ఇద్దరివి.

పైగా అది ఏ రొట్టె? బారాషహీద్ దర్గా దగ్గర సంతానం రొట్టె ఉంటుంది, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె ఉంటాయి. పోయినేడు కోరిక తీరినామె ఇస్తుంది, కోరిక ఉన్నామె పట్టుకుంటుంది. ఫోటోలో తీసుకుంటున్నామె ఎవరో చుట్టాలు గుర్తుపట్టారనుకోండి, ఆమెకి పిల్లల్లేరనో, ఇంట్లో ఎవరికో జబ్బనో ఊరికి తెలుస్తుంది. ఆమె ఆ చెరువులో దిగింది మొక్కుకోవడానికి, చీర చూపించడానికి కాదు. తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్ళ ఫోటో అంటే ఫ్రేము ఎట్టా ఉందనేది కూడా లెక్కలోకి వస్తుంది. ప్రైవేటు భాగాలు కనిపించే బొమ్మ అనుమతి లేకుండా తీసినా, పంపినా ఐటీ చట్టం సెక్షన్ 66ఇ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడితే భారతీయ న్యాయ సంహితలో 79 ఉంది. మీ ఫోటో అట్టాంటిది కాదనే అనుకుంటున్నా, అయినా ఒకసారి పెద్ద స్క్రీను మీద చూసుకోండి.

ఆ ఇద్దరూ దొరికి, కాగితం మీద ఒప్పుకుంటే తప్ప ఆ ఫోటో షాపుకి ఇవ్వద్దు. ఫోటో ప్రదర్శనలో పెట్టాలన్నా, ముఖాలు గుర్తుపట్టలేని ఫ్రేము వెతకండి. చేతులు, రొట్టె, నీళ్ళు ఉంటే చాలు, ఆ ఫోటోకి అంతకన్నా ఏం కావాలి?

ఏఐ చీర. ఇది రెండు వైపులా కొరుకుతుంది. ఆమె ఒప్పుకున్నది ఆ ఫోటోకి. మార్చిన ఫోటో వేరే ఫోటో. మార్పు చేస్తామని కాగితంలో రాసి, మార్చిన ప్రింటు కూడా చూపించి, దాని మీద కూడా సంతకం తీసుకోవాలి. ఇంకోవైపు కొనేవాళ్ళ సంగతి. ఆమె ఆ చీర కట్టలేదు, ఆ షాపులో కొననూ లేదు. "మా పట్టుచీరలో మన నెల్లూరు పెళ్ళికూతురు" అని రాస్తే అబద్ధం అవుతుంది. వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019లో తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల దాకా పెనాల్టీ ఉంది. ఆమె పెళ్ళిచీర వాళ్ళ షాపుదే అయితే మార్చాల్సిన పనే లేదు. కాకపోతే, ఆమెనే పిలిచి వాళ్ళ చీర కట్టించి అరపూట షూట్ చెయ్యండి. ఏఐ కన్నా చవక, గొడవ లేదు.

హీరోయిన్ ముఖం తెచ్చి అతికిద్దామని వాళ్ళకి ఐడియా వస్తే మాత్రం ముందే ఆపండి. ముజఫర్‌నగర్ నగల షాపు ఒకటి అమితాబ్, జయా బచ్చన్‌ల తనిష్క్ ప్రకటనని తన హోర్డింగుకి వాడుకుంటే, తనిష్క్ నడిపే టైటాన్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి పోయింది, 2012లో తీర్పు షాపుకి వ్యతిరేకంగా వచ్చింది. చిన్న ఊళ్ళో వేస్తే ఎవరు చూస్తారులే అనేది చెల్లని లెక్క.

హోర్డింగు_ఒంగోలు:

అరపూట షూట్ మాటకి ఇంకోటి కలుపుతా. అసలు ముఖమే లేకుండా చీరలు అమ్మచ్చు. పూలజడ వెనక నుంచి, పల్లూ అంచు దగ్గర్నుంచి, ముడుపు కొంగు పట్టుకున్న చేతులు. హోర్డింగు మీద ముఖం కన్నా బోర్డరే దూరం నుంచి కనపడుతుంది. కాపీరైటు కాగితం ఎట్టాగూ కావాలి, ముఖం కాగితం బాధ తప్పుతుంది.

నల్లకోటు_నెల్లూరు:

వాట్సాప్ విషయానికి వస్తాను. చెల్లుతుంది. అయితే ఒంటరి "సరే" దేనికి సరే? కాగితంలో రాసిన మాటలన్నీ తెలుగులో ఒకే మెసేజీగా, దాని కింద ఫోటో పెట్టి, "పై షరతులకు, ఈ ఫోటోకు అంగీకరిస్తున్నాను" అని ఆమెనే టైపు చెయ్యమనండి. మెసేజి ఆమె నంబరు నుంచే రావాలి, వాళ్ళాయన ఫోన్ నుంచి కాదు. బొటనవేలు ఎమోజీ మీద ఆధారపడకండి.

స్క్రీన్‌షాటు ఒక్కటి దాచుకుంటే సరిపోదు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, వచ్చిన ఫోన్‌ని కూడా రీసెట్ చెయ్యకుండా ఉంచుకోండి. కోర్టుదాకా పోతే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. దాని నమూనాలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడు) కూడా అడుగుతారు, దాచిన రోజే తీసి రాసి పెట్టుకుంటే మేలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గి, కెమెరా వివరాలు పోతాయి. కాబట్టి ఆమెకి ఫోటోని డాక్యుమెంటుగా పంపండి, మీ దగ్గర ఒరిజినల్ ముట్టుకోకుండా ఉంచండి. కాపీరైటు బదలాయింపు మాత్రం వాట్సాప్‌తో పెట్టుకోవద్దు. వాళ్ళ నాన్న నెల్లూరులోనే ఉన్నారు గదా, పోయి సంతకం తీసుకోండి.

ట్రంకురోడ్డు_స్టూడియో:

సరే సార్. షాపు వాళ్ళు ముఖం లేని ఐడియాకి ఒప్పుకున్నారు. జీలకర్రబెల్లం అప్పుడు అమ్మాయి అరచేయి, పక్కన పల్లూ బోర్డరు ఉన్న క్లోజప్పు ఒకటుంది. నాన్న చేత కాపీరైటు కాగితం రేపు రాయించుకుంటా. అమ్మాయి ముఖం లేదు కాబట్టి ఆమెని అడగక్కర్లేదు గదా?

డేటా_గుమాస్తా:

ఒక నిమిషం. అరచేతి గోరింటాకులో పెళ్ళికొడుకు పేరు రాయించుకుని ఉంటారు, జూమ్ చేసి చూడండి. వెనకాల మండపం మీద థర్మాకోల్ అక్షరాల్లో ఇద్దరి పేర్లు మసకగా అయినా చదవడానికి వస్తున్నాయా? ఆ రెండూ లేకపోతే ఫోటోలోంచి లొకేషను వివరాలు కూడా తీసేసి పంపండి. పేరుంటే మళ్ళీ ఆమెని అడగాల్సిందే.